మూడో ఈల

అడవిలో వేసవి పని దొరికిందని చెబితే ఏ తల్లయినా పాముల గురించి అడుగుతుంది, ఎండ గురించి అడుగుతుంది. మా అమ్మ కుడుతున్న బట్ట పక్కన పెట్టి, "లోయ వైపు కూడా పంపిస్తారా?" అంది.

"ఎటు పంపిస్తే అటు వెళ్లాలమ్మా. ఇంటర్న్ అనేది పేరుకే. పని మాత్రం కూలిపనే."

"అయితే వెళ్లు."

కాలేజీలో చేరతానన్నప్పుడు నెలరోజులు నాన్చిన మనిషి, దీనికి దారం కొరికినంత సేపు కూడా ఆలోచించలేదు. ఎందుకో నాకు తెలుసు. ఆ అడవిలోనే నాన్న గార్డుగా పనిచేసేవాడు. రెండేళ్ల క్రితం వానాకాలంలో ఒకరోజు పొద్దున డ్యూటీకి వెళ్లి తిరిగి రాలేదు. చాలామంది చాలారోజులు వెతికారు, ఆయన డ్యూటీ వేరే వైపని లోయ ఒక్కటే వదిలేశారు. దొరకలేదు. ఆఫీసు దృష్టిలో ఆయన గల్లంతయ్యాడు. అమ్మ దృష్టిలో ఆయనకి ఆలస్యమైంది. నా దృష్టిలో ఆయన చనిపోయాడు. ఒకే ఇంట్లో ఉంటూ ఈ సంగతి అమ్మా నేనూ ఒక్కసారి కూడా నోరు విప్పి మాట్లాడుకోలేదు.

మేమింకా అడవి గేటు పక్కన ఆయనకిచ్చిన క్వార్టర్లోనే ఉండేవాళ్లం. ఆఫీసువాళ్లు మంచివాళ్లే, ఇన్నాళ్లు ఓర్చుకున్నారు. ఇప్పుడు పెళ్లాం పిల్లలతో కొత్త గార్డు వచ్చాడు. వానలు మొదలయ్యేలోపు ఖాళీ చేయమని మర్యాదగానే చెప్పారు. అమ్మ కూడా మర్యాదగానే తల ఊపింది, ఒక్క గిన్నె కూడా సర్దలేదు. బజారులో చూసిన గది గురించి నేనెత్తితే, "మనం వెళ్లిపోతే ఆయనొచ్చి ఎవర్ని అడుగుతాడే?" అనేది. రాత్రిళ్లు తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు. రెండేళ్లుగా మేం దగ్గరికేసిన తలుపు వెనకే నిద్రపోతున్నాం. ఆ వేసవిలో తేలాల్సింది క్వార్టర్ సంగతి కాదని, మా అమ్మ ఎప్పటికైనా ఆ గుమ్మం దాటి రాగలదా అన్నదేనని నాకు తెలుసు. ఎలా రప్పించాలో మాత్రం తెలియదు.

మొదటిరోజు మా మెడల్లో ఈలలు వేసింది మావయ్య. ఆయన నాన్నతో ఏళ్ల తరబడి జంటగా తిరిగిన గార్డు. అమ్మని చెల్లెమ్మా అని పిలుస్తాడు కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. మనిషి సన్నం, మోకాళ్లు అరిగిపోయాయి, నోరు మాత్రం అరగలేదు.

"ఇది మెళ్లో ఉన్నంతసేపే మీరు నా పిల్లలు. తీసి జేబులో పెట్టుకుంటే మీ అమ్మానాన్నలకి నేను జవాబు చెప్పను" అన్నాడు. "వినండి. ఒకటి ఊదితే, ఎక్కడున్నావని. రెండు ఊదితే, విన్నాను, ఇక్కడే ఉన్నానని. మూడు ఊదితే కదల్లేకపోతున్నాను, రండి అని. మూడు విన్నవాడు రెండుతో జవాబివ్వాలి. ఊదినవాడు ఆ రెండు వినగానే ఈల ఆపేసి, ఉన్నచోటే ఉండాలి."

"ఎందుకు ఆపాలండీ?" అన్నాడు నా పక్కన నిలబడ్డ అబ్బాయి.

"ఊపిరి దాచుకోవడానికి."

"ఎందుకు ఉన్నచోటే ఉండాలండీ?"

మావయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "నీ పేరు రాసుకున్నాను గానీ బాబూ, ఇకమీదట నువ్వు 'ఎందుకు'వే." సాయంత్రానికల్లా ఆఫీసంతా అతన్ని అలాగే పిలవడం మొదలెట్టింది. అతనూ పలికాడు. నాకు తెలిసి ఆ వేసవిలో అతనికి కోపం వచ్చింది ముళ్లమీదే.

మా పనంతా ముళ్లపొదలతోనే. ఎవరో ఎప్పుడో తోటకి అందమని తెచ్చి నాటిన మొక్క అది. తోట దాటింది, రోడ్డు దాటింది, అడవిలో దూరి మిగతా మొక్కలకి వెలుతురు లేకుండా చేసింది. దాన్ని పైపైన నరికితే లాభం లేదు, రెట్టింపై లేస్తుంది. మొదలు చుట్టూ మట్టి తవ్వి, వేరు మెడ కింద నరికి, పొదని తలకిందులుగా పడేయాలి. వేళ్లు ఎండకి ఎండిపోవాలి. పనికి చేరిన వారంలోపే మా చేతులు పిల్లి రక్కినట్టయ్యాయి.

అక్కడే మాకు పిట్ట పరిచయమైంది. 'ఎందుకు' ఒక పొద వెనక ఉండగా ఎవరో ఒకటి ఊదారు. అతను బుద్ధిగా రెండు ఊదాడు. మళ్లీ ఒకటి వినిపించింది. మళ్లీ రెండు ఊదాడు. ఇలా బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊది, చెమటలు కక్కుతూ బయటికొచ్చి, "ఎవరండీ అది, ఇక్కడే ఉన్నానని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు. కూలీలందరూ కొడవళ్లు కింద పడేసి నవ్వారు. మావయ్య కొమ్మ మీదికి వేలు చూపించాడు. తోక చీలిన నల్లపిట్ట ఒకటి మమ్మల్ని పైనుంచి చూస్తోంది.

"పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే బాబూ. మా తాతలనాటి నుంచి ఈ అడవిలో ఈలలు ఊదుతున్నాం. అది నేర్చుకుంది, దాని పిల్లలకీ నేర్పింది. మా దగ్గులు కూడా దగ్గుతుంది."

"మూడు కూడా వచ్చా దానికి?"

"ఎందుకు రాదూ. ఏటేటా కొత్తవాళ్లకి శిక్షణ ఇస్తాంగా, అప్పుడు రోజంతా మూడేగా."

"మరి మూడు వినిపిస్తే మనిషో పిట్టో ఎలా తెలుస్తుందండీ?"

"రెండు ఊది, చెవి పెట్టి ఆగు. మనిషైతే ప్రాణభయంతో మళ్లీ మళ్లీ ఊదుతాడు. పిట్ట ఒకటి ఎంతసేపైనా ఊదుతుంది గానీ, మూడుకి అంత ఓపికెక్కడిది, ఊరుకుంటుంది." ఇది చెబుతున్నప్పుడు మావయ్య ముఖంలో నవ్వుంది. చెప్పడం అయ్యేసరికి లేదు. మెడలో ఈల సరిచేసుకుంటూ, పని చూడండి పని చూడండి అంటూ కిందికి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికి రాగానే అమ్మ విచారణ మొదలయ్యేది. కాళ్లు కడుక్కునే వ్యవధి కూడా ఇచ్చేది కాదు. ఇవాళ ఎటు వెళ్లారు, దారి ఎటు తిరిగింది, అక్కడ నీళ్లున్నాయా, రాళ్లా మట్టా. బట్టల మీద గుర్తులు పెట్టుకునే సుద్దతో, నేను చెప్పినవన్నీ వెనకగదిలో నేల మీద గీసేది. గేటు, పెద్దబాట, నీటిగుంట, గట్టు. రోజుకో కొమ్మ చొప్పున ఆ గీత పెరిగింది. ఊడ్చేటప్పుడు దాని చుట్టూ ఊడ్చేది. నేను పొరపాటున తొక్కితే, "కాలు తియ్" అని కసిరేది. నేల మీద ఒకవైపు మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

"ఇక్కడేముందే?" అని సుద్దతో ఆ ఖాళీ మీద తట్టేది.

"లోయ. ఇంకా దిగలేదమ్మా."

"మీ మావయ్యని అడగలేదూ?"

అడిగాను. ఒకసారి దారి కొట్టుకుపోయిందన్నాడు, ఇంకోసారి తేనెటీగలన్నాడు. మరోసారి, "ఆ పక్క పొదలేం లేవు కోడలుపిల్లా, వెళ్లి చేసేదేముంది" అన్నాడు. గట్టు మీద నిలబడి చూస్తే లోయ నిండా పొదలే, పూలు కూడా కనబడుతున్నాయి. అంత అనుభవమున్న మనిషి అంత తేలికైన అబద్ధం ఆడటం నాకు ఆశ్చర్యమనిపించింది. పెద్దవాడు, మోకాళ్లు నొప్పులేమోలే అని సరిపెట్టుకున్నాను.

ఎండలు ముదిరాక ఆఫీసరమ్మ వచ్చి గట్టు మీద నుంచి ఆ పూలు చూసింది. వానలకి ముందే ఇవి కాయలవుతాయని, పిట్టలు తిని విత్తనాలు అడవంతా చల్లుతాయని, ముందు లోయ శుభ్రం చేయాలని చెప్పింది. మావయ్య మళ్లీ దారి సంగతి ఎత్తాడు. "దారి లేకపోతే వేయండి, మీకంటే తెలిసినవాళ్లెవరున్నారు" అనేసి జీపెక్కింది. ఆయన ఆ పూట అన్నం తినలేదు. డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే దిగాం. లోయలో గాలి లేదు. పైనున్న ఎండ కూడా సరిగ్గా దిగడం లేదు. పొదలు మనిషెత్తు దాటి, ఒకదాన్నొకటి అల్లుకుని గోడ కట్టేశాయి. నేను మోకాళ్ల మీద కూర్చుని వేరు చుట్టూ మట్టి తవ్వుతున్నాను.

ఈల వినిపించింది.

మా ఈలలు ప్లాస్టిక్‌వి, సూటిగా మోగుతాయి. ఇది అలా కాదు. బొంగురుగా మొదలై, చివర రెండుగా చీలింది. నాన్నది పాత ఇత్తడి ఈల. ఎప్పుడో రాయి మీద పడి సొట్టపోయింది. ఆఫీసు కొత్తది ఇచ్చినా ఆయన మార్చుకోలేదు. సాయంత్రాలు మా వీధి మొదట్లోకి రాగానే దాన్ని ఒకసారి ఊదేవాడు. అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టేది, నేను ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి పుస్తకం తెరిచేదాన్ని. ఆ లోయలో కూడా నా ఒళ్లు నాకంటే ముందు గుర్తుపట్టింది. లేచి నిలబడి, పుస్తకం కోసం చూసినట్టు అటూ ఇటూ చూశాను.

రెండోది మోగింది. మూడోది మొదలై, సగంలో ఆగిపోయింది.

నేను రెండు ఊదాను. ఊదుతూనే పొదల్లోకి పడ్డాను. ముళ్లు గీసుకుంటున్నది తెలుస్తోంది గానీ నొప్పి తెలియడం లేదు. నాన్నా అని అరిచాను కూడా. రెండేళ్లుగా చనిపోయాడని నమ్ముతున్న మనిషిని అంత గట్టిగా పిలిచాను. వెనక నుంచి మావయ్య, "అమ్మాయ్, ఆగు, పిట్టమ్మా, పిట్ట" అంటూ వస్తున్నాడు.

పిట్టే. ఎండుకొమ్మ మీద ఉంది. నా కళ్లముందే మెడ ఉబ్బించి మళ్లీ ఊదింది, రెండూ నిండుగా, మూడోది సగం. ఆ తర్వాత మా కొడవలి రాయికి తగిలిన చప్పుడు కూడా చేసి చూపించింది.

మావయ్య వచ్చి కాస్త దూరంలోనే ఆగిపోయాడు. నా ముఖం చూడలేదు.

"అది నాన్న ఈల" అన్నాను.

"పిట్టదమ్మా."

"బొంగురు ఎవరిది మావయ్యా?"

"వాడు ఈ అడవిలో ఇన్నేళ్లు ఊదాడు. నేర్చుకోదూ మరి?"

"ఒకటి ఊదాడు, రెండు ఊదాడు. మూడు ఎప్పుడు ఊదాడు? శిక్షణలో మీరు ఊదేది ప్లాస్టిక్‌దేగా."

ఆయన వంగి కింద పడ్డ నా కొడవలి తీశాడు. 'ఎందుకు' కూడా ఏమీ అడగలేదు. మధ్యాహ్నం కాకముందే, "ఇవాళ్టికి చాలు, పైకి పదండి" అన్నాడు మావయ్య.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ సుద్ద పట్టుకుని సిద్ధంగా ఉంది. లోయ గీయాలి కదా. చెప్పకూడదనే అనుకున్నాను దారంతా. నా ముఖం అద్దం లాంటిదని అమ్మ అంటూ ఉంటుంది, దాచడం నాకెప్పుడూ చేతకాలేదు.

"ఏం చూశావ్?"

"చూళ్లేదు. విన్నాను." చెప్పాను. ఆ బొంగురు గురించి చెప్పాను, మూడు అని చెప్పాను. మూడోది సగంలో ఆగిన సంగతి మాత్రం చెప్పలేదు.

అమ్మ సుద్దని వేళ్ల మధ్య తిప్పింది. "దగ్గరగా వినిపించిందా?"

"అమ్మా, పిట్ట."

"తెలుసులే, పిట్ట అని చెప్పావుగా. పిట్టకెవరు నేర్పారు?"

"నాన్న."

"ఒక్కసారి వింటే వస్తుందా దానికి?"

రాదని ఇద్దరికీ తెలుసు. చాలాసార్లు వినాలి. అమ్మ లేచి, నేల మీది గీతలన్నీ తొక్కుకుంటూ వెళ్లి దీపం ఆర్పేసింది. "పొద్దున నేనూ వస్తున్నా."

రావద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పొద్దూ, ఒక్కదాన్నే మళ్లీ ఆ పిట్ట దగ్గరికి వెళ్లాలంటే నాకు భయంగా కూడా ఉంది.

గేటు దగ్గర అమ్మని చూసి మావయ్య కర్ర మార్చి పట్టుకున్నాడు. "చెల్లెమ్మా, ఆ దారి నువ్వు దిగలేవు."

"మీరు ముందు నడవండి అన్నయ్యా."

నడిచాడు. దారిలో రెండుచోట్ల ఆగి, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచాడు. అమ్మ ఆ చెయ్యి పట్టుకునే దిగింది.

లోయలో ఒక రాయి మీద కూర్చుంది అమ్మ. మేం పని చేయలేదు. పిట్ట వచ్చింది. ముందు ప్లాస్టిక్ ఈల ఊదింది. తర్వాత 'ఎందుకు' తుమ్మినట్టే తుమ్మింది, చివర అతను ముక్కు ఎగబీల్చడంతో సహా. ఇంకొక రోజైతే పడీ పడీ నవ్వేవాళ్లం. అతను బిక్కచచ్చి తలదించుకున్నాడు. పిట్ట కొమ్మ మారింది.

అప్పుడు ఊదింది. అమ్మ వేళ్లు మడుస్తూ విన్నది. ఒకటి. రెండు. మూడో వేలు సగం మడిచి అలాగే ఉంచేసింది.

"మూడోది సగమే ఉందే."

"అవునమ్మా."

"ఊపిరి చాల్లేదు" అంది, కుట్టు మధ్యలో దారం చాల్లేదు అన్నంత మామూలుగా. ఏడవలేదు. మడిచిన వేలు విప్పలేదు.

మావయ్య నిలబడ్డవాడు నిలబడ్డట్టే కింద కూర్చున్నాడు. ఆ మోకాళ్లతో అలా కూర్చుంటే మళ్లీ లేవడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు.

"చెల్లెమ్మా. నేను విన్నాను దీన్ని."

"ఎప్పుడన్నయ్యా?"

"వాడు రాని మర్నాడు. వెతుకుతున్నప్పుడు." గట్టు పైకి చూపించాడు. "అదిగో, ఆ నల్లరాయి దగ్గర నిలబడ్డాను. వాన పడుతోంది. ఈ లోయలోంచి మూడు వినిపించింది. నేను రెండు ఊది ఆగాను. చాలాసేపు ఆగాను. మళ్లీ వినిపించలేదు. కుర్రాళ్లు దిగబోయారు. నేనే ఆపాను. పిట్టరా, ఎన్నిసార్లు మోసపోతారు, ఆయన డ్యూటీ అటుపక్క కదా అని అటు తీసుకెళ్లాను."

తల వంచి కర్రతో మట్టి గీశాడు.

"బొంగురు పిట్టకీ వచ్చు కదా, అందుకని..." ఆయన ముఖం తుడుచుకున్నాడు. "అప్పట్నుంచి ఈ లోయలోకి దిగలేదు. పైనుంచి వినిపించినప్పుడల్లా, పిట్టే, పిట్టే అని నాకు నేనే చెప్పుకున్నాను. మేమంతా మూడు వినిపిస్తే ఊరుకునేవాళ్లం చెల్లెమ్మా. వాడొక్కడే ప్రతిసారీ వెళ్లేవాడు. పిట్టకి కాలు విరిగిందిరోయ్ పరిగెత్తు అని ఆటపట్టించేవాళ్లం. ఆ రోజు తన దారి వదిలి ఇక్కడికి దిగాడంటే, దాని కూత వినే దిగుంటాడు."

నాకు ఆ మనిషిని కొట్టాలనిపించింది. ఆయన తెచ్చిన బియ్యం తిన్నాం. మా ఇంటి పైకప్పు కారితే ఆయనే ఎక్కి బాగుచేశాడు. అన్నీ గుర్తొచ్చి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. అమ్మ మాత్రం లేచి, కొంగు బిగించి, నా చేతిలో కొడవలి తీసుకుంది.

"ఎక్కణ్ణుంచి వినిపించిందో అక్కడ మొదలుపెడదాం" అంది.

మావయ్య దిక్కు చూపించాడు. అందరం నరికాం. వేరు మెడ సంగతి, తలకిందులుగా పడేయడం సంగతి ఎవరికీ గుర్తులేదు, దారి అయితే చాలు. మధ్యాహ్నానికి పొదల వెనక రాతిగోడ తగిలింది. పైనుంచి మట్టి జారి పడిన గుర్తు ఇంకా ఉంది. కింద, రాయి కాస్త ముందుకొచ్చి నీడలా ఉన్నచోట, ఆయన ఉన్నాడు. ఆ రెండేళ్లలో పొద ఆయన మీంచి, చుట్టూ పెరిగింది. కాలి మీద పెద్ద రాయి ఉంది. ఏం చూశానో అంతా చెప్పను. ఇత్తడి ఈల నోటికి దగ్గర్లో లేదు. జేబులో పెట్టుకుని, బొత్తాం కూడా పెట్టుకున్నాడు. ముందు దాని అర్థం నాకు తెలియలేదు.

'ఎందుకు' పైకి పరిగెత్తి ఆఫీసుకి చెప్పాడు. వాళ్లు వచ్చేలోపు మేం అక్కడే ఉన్నాం. అమ్మ ఆయనకి కాస్త దూరంలో కూర్చుని, జేబుకి ఉన్న ఆ బొత్తాం వంక చూస్తూ ఉంది. అది ఆమె కుట్టిన బొత్తామే. చాలాసేపటికి పిలిచింది.

"అన్నయ్యా."

మావయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు మీరు రెండు ఊదానన్నారు."

"ఊదాను చెల్లెమ్మా."

"గట్టిగానే ఊదారా?"

"గట్టిగానే."

"మళ్లీ ఒకసారి అక్కడికి వెళ్లి ఊదుతారా?"

నేను వద్దనబోయాను. ఆయన అప్పటికే కర్ర తీసుకుని కదిలాడు. ఆ గట్టు ఎక్కడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో. రాళ్లు జారడం, ఆయన ఆగడం, మళ్లీ కదలడం, అన్నీ వినబడుతూనే ఉన్నాయి. నల్లరాయి దగ్గర చిన్నగా కనిపించాడు. చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది.

రెండు ఈలలూ లోయలోకి పక్కనే ఎవరో ఊదినంత స్పష్టంగా దిగాయి.

అమ్మ తల ఊపింది. ఆయన మళ్లీ దిగి వచ్చేదాకా ఆ గట్టు వంకే చూసింది. వచ్చాక, ఆయాసం తీరనిచ్చి, చాలా నెమ్మదిగా అంది.

"బాగా వినిపిస్తోంది అన్నయ్యా. ఆయన వినే ఉంటాడు. రెండు వింటే ఈల ఆపేసి ఉన్నచోటే ఉండమని కదా మీ నియమం. ఆపేశాడు. వస్తున్నారని లోపల పెట్టేసుకున్నాడు."

అమ్మ చెయ్యెత్తి ఆయన చేతి మీద వేసింది. "ఒంటరిగా ఉన్నాననుకోలేదు ఆయన. అది చాలు నాకు" అంది.

ఆ మాట ఓదార్పో శాపమో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ గొంతులో కోపం లేదు. దానికే ఎక్కువ భయం వేసింది నాకు. మావయ్య ఆ చేతి కింద నుంచి తన చెయ్యి తీసుకోలేదు, ఆఫీసువాళ్లు వచ్చి పక్కకి జరగమనే వరకూ.

వానలకి ముందే మేం బజారులో గదికి మారిపోయాం. సామాను మోయడానికి మావయ్య వచ్చాడు, అమ్మ ఆయనకి టీ ఇచ్చింది. అమ్మ ఇప్పుడు "ఆయన ఉండేవాడు" అంటుంది. మొదటిసారి అన్నప్పుడు ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం, మళ్లీ ఎవరి పనిలో వాళ్లం పడ్డాం. నిద్రలో మాత్రం అప్పుడప్పుడూ ఆమె మూడో వేలు మడుచుకుని ఉండటం చూస్తుంటాను.

నాన్న దొరికాక నేను మళ్లీ పనికి వెళ్లింది ఆఖరి రోజునే. అప్పటికి లోయ సగానికి పైగా శుభ్రమైంది. మబ్బు పట్టి ఉంది. గట్టు మీద అందరం అన్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. కింద నుంచి నాన్న ఈల వినిపించింది. ఒకటి, రెండు, సగం.

మావయ్య ముద్ద డబ్బాలో పడేసి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, రెండు ఊదాడు. కర్ర అందుకుని లేచాడు. రోజూ ఇంతేనని, రోజుకి రెండుసార్లు మూడుసార్లు కూడా దిగుతాడని, అడ్డు చెబితే వినడని కూలీలు అన్నారు.

"పిట్ట అని తెలుసు కదండీ, ఎందుకు వెళ్లడం?" అన్నాడు 'ఎందుకు'. వెటకారంగా కాదు, బతిమాలుతున్నట్టుగా.

"రెండు ఊదాను కదా బాబూ" అన్నాడు మావయ్య. "వెళ్లకపోతే ఎలా?"

కర్ర ఊతంగా ఒక్కో రాయీ చూసుకుంటూ దిగడం మొదలుపెట్టాడు.